రెండో బ్రేకు

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి డ్రైవింగ్ టీచరు కారు పక్కకి ఆపించింది. నడుపుతున్న ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు.

"క్లచ్చు మీద కాలు ఇంకా ఆడుతోంది. హ్యాండ్‌బ్రేక్ వేసి కాసేపు కూర్చో," అంది టీచరు. అని కిటికీ వైపు తిరిగి, సంచిలోంచి చిన్న స్ప్రే తీసి నాలుక కింద కొట్టుకుంది. నోటి వాసన కోసమని నేర్చుకునేవాళ్లు అనుకునేవారు. ఆమె కాదనలేదు. ఇటు తిరిగేసరికి నడిపే ఆవిడ తల వంచుకుని తన ఎడమ కాలినే చూసుకుంటోంది.

టీచరుకి యాభై ఒకటి. సగం వయసు ఆ పక్క సీట్లోనే గడిచింది. నేర్పే కార్లలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా టీచర్లు మాటకి ముందు దాన్నే తొక్కుతారు. ఈమె నెలకోసారి తొక్కితే గొప్ప. అందుకే స్కూల్లో ఆమెని నిమ్మళం మేడమ్ అంటారు. భయస్తులందరినీ ఆమె దగ్గరికే పంపుతారు.

రెండేళ్ల కింద చలికాలంలో ఛాతీ మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయినట్టు నొప్పి మొదలైంది. దవడ దాకా లాగేది. యాంజియోగ్రామ్ చేశారు. ఆ సాయంత్రమే అన్నయ్య ఫోన్ చేశాడు. ఆయనకి అప్పటికే రెండు స్టెంట్లు ఉన్నాయి.

"ఎన్ని బ్లాకులు?"

"ఒక్కటీ లేదన్నయ్యా."

"ఒక్కటి కూడానా?" ఆయన గొంతులో కాస్త నిరుత్సాహం ధ్వనించింది. "అయితే గ్యాసే. నువ్వు చిన్నప్పట్నించీ తిండి నమలవు."

ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మరుసటి వారం అన్నయ్య చుట్టపు చూపుగా వస్తే ఆయన సూట్‌కేసు మూడో అంతస్తుకి ఈమే మోసింది. స్టెంట్లున్న మనిషి చేత బరువు మోయించకూడదు కదా.

నొప్పి మాత్రం పోలేదు. ఏడాది తిరిగాక ఇంకో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి అసలు సంగతి చెప్పింది. పెద్ద నాళాలు బాగానే ఉన్నాయి. వాటి నుంచి గుండె కండలోకి వెళ్లే వెంట్రుకల్లాంటి సన్న నాళాలే అవసరమైనప్పుడు విప్పుకోవడం లేదు. యాంజియోగ్రామ్‌లో అవి కనిపించవు. మాత్రలూ, నొప్పి వస్తే నాలుక కింద కొట్టుకునే స్ప్రే రాసింది. చల్లగాలి తగలనివ్వొద్దంది, మనసు బిగబట్టుకోవద్దంది, నొప్పి వస్తే చేస్తున్న పని ఆపమంది.

"మనసు బిగబట్టుకోకుండా డ్రైవింగ్ ఎలా నేర్పుతారు డాక్టరుగారూ?"

"అది మీరే కనిపెట్టాలి," అంది డాక్టరమ్మ.

బ్రేకు తొక్కకుండా ఉండటానికే ఎక్కువ కష్టపడాలి. ఎదురుగా లారీ వస్తున్నా, నేర్చుకునే మనిషి స్టీరింగ్ గట్టిగా పట్టుకుని బిగుసుకుపోయినా, టీచరు కుడికాలు బ్రేకుకి అంగుళం పైన గాల్లోనే ఉండేది. ముఖం మాత్రం టీ తాగుతున్నట్టుండేది. నిమ్మళమంతా ముఖంలోనే, బిగువంతా లోపలే. నొప్పి సరిగ్గా అక్కడే అందుకునేది.

ఆమె ఈ సంగతి ఓనరుకి చెప్పలేదు. చెబితే రోడ్డు గుర్తుల బోర్డులు వేలాడే గదిలో కూర్చోబెడతాడు. నడుము పట్టేసిన ఒక సీనియర్‌ని అలాగే కూర్చోబెట్టారు. ఆయన 'నో పార్కింగ్' బోర్డు కింద రోజూ కునుకు తీస్తుంటాడు. అందుకని ఆమె ఒక ఉపాయం పట్టింది. నొప్పి రాగానే నడిపేవాళ్లలో ఏదో ఒక తప్పు వెతికి కారు ఆపించేది. చాలామంది సాయంత్రానికి మరిచిపోయేవారు. ఈ ఆవిడ మరిచిపోలేదు.

ఈ ఆవిడ కర్టెన్లు కుడుతుంది. కుట్టినవి ఇళ్లకి తీసుకెళ్లి తగిలించి వస్తుంది. వ్యాను నడిపే తమ్ముడు వేరే ఉద్యోగంలో చేరిపోయాడు. ఇప్పుడు వ్యాను తను నడపాలి, లేదంటే పని మానుకోవాలి. టీచరు చెప్పిన ప్రతి తప్పునీ ఇంటికి మోసుకెళ్లి, మిషను పెడల్ మీద క్లచ్చు సాధన చేసేది.

మర్నాడు ఆవిడ ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది. ఓనరూ ఉన్నాడు, టీచరూ ఉంది.

"ఇంక నేను రానండి. ఇరవై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లు ఇవి, కుట్టు ఒక్కటి పక్కకి పోదు. ఇక్కడ మాత్రం రోజూ ఏదో తప్పే. మేడమ్‌గారు ఊరికే ఆపే మనిషి కాదని ఎవర్నడిగినా చెప్తారు. అంటే నాకే రాదన్నమాట."

"మేడమ్ ఆపమన్నారంటే కారణం ఉంటుందమ్మా," అన్నాడు ఓనరు.

టీచరు కుక్కిన పేనులా ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"కారణం ఉంది. ఆవిడ కాళ్లలో కాదు, నా గుండెలో," అని మొత్తం చెప్పింది.

ఓనరుకి కారు నేర్పింది కూడా ఆమే.

"నాకెందుకు చెప్పలేదు మేడమ్?"

"చెబితే బోర్డుల గదిలో పడేస్తావని."

"పడేసేవాణ్ణే," అన్నాడతను.

కర్టెన్ల ఆవిడ ముఖం ఎర్రబడింది. "అంటే నేను ఇంట్లో పెడల్ మీద కాలు పెట్టి ఏడ్చింది ఊరికేనా?"

"ఊరికేనమ్మా."

"ఆ స్ప్రే చూసి ఎంత శుభ్రమైన మనిషో అని మా ఇంట్లో పొగిడాను కూడా," అని విసురుగా వెళ్లిపోయింది.

ఓనరు తెమ్మన్న డాక్టరు ఉత్తరం వచ్చేదాకా టీచరు సీనియర్‌తో పాటు బోర్డుల గదిలోనే కూర్చుంది. ఉత్తరం వచ్చింది. పని చెయ్యవచ్చు, చలి పొద్దుల్లో వద్దు, నొప్పి వస్తే బండి ఆపాలి. పొద్దుటి బ్యాచిలు వేరేవాళ్లకి వెళ్లాయి. నేర్చుకునేవాళ్లకి సంగతి ముందే చెప్పాలన్నాడు ఓనరు. చెప్పింది. విన్నవాళ్లలో ఇద్దరు ఇంకో టీచరుకి మారిపోయారు.

ఆ వారం చివర్లో కర్టెన్ల ఆవిడ మళ్లీ వచ్చింది.

"పదకొండింటి క్లాసు ఖాళీగా ఉందటగా. ఒక మాట అక్కా. నాది తప్పయితే తప్పనండి, మీది నొప్పయితే నొప్పనండి. రెండూ కలపొద్దు."

"సరే."

మూడో క్లాసులో వంతెన దిగుతుండగా టీచరు "నొప్పి" అంది. ఆవిడ అద్దం చూసింది, ఇండికేటర్ వేసింది, పక్కకి తీసి ఆపింది, ఇంజను కట్టేసింది. టీచరు స్ప్రే కొట్టుకుని సీటుకి చేరగిలబడింది. లారీలు పక్కనుంచి పోతుంటే కారు కొద్దిగా ఊగుతోంది. ఆవిడ రోడ్డునే చూస్తూ కూర్చుంది.

టీచరు ముఖంలో రంగు తిరిగి వచ్చాక ఆవిడ అడిగింది. "ఇప్పుడు నేనేమైనా తప్పు చేశానా?"

"చేశావు. ఇండికేటర్ ఆలస్యంగా వేశావు."

"నిజంగానా?"

"నిజంగానే."

"అలా చెప్పండి," అని ఆవిడ ఇంజను ఆన్ చేసింది.

నెలాఖరున ఆవిడ పరీక్షకి వెళ్లి, రివర్స్‌లో గీత తొక్కి తప్పింది. మళ్లీ పరీక్ష వచ్చే నెల ఇరవై మూడో తారీఖున, పదకొండున్నరకి.