మూడోసారి అడగని మనిషి

పీయూసీ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు నాకు రెండే పనులు: మా జత ఎద్దులకు నీళ్ళు పెట్టడం, షార్ట్‌వేవ్ రేడియోకి చెవి అప్పగించడం. అందులో చైనావాళ్ళు తమ భాష నేర్పుతుంటే, కార్డు ముక్క రాసి పాఠాల పుస్తకం ఉచితంగా తెప్పించుకున్నాను. మంగళవాడ దగ్గర, కన్నడ రాష్ట్రంలో ఉన్నా తెలుగే మాట్లాడే మా ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవుగానీ చైనా భాషకు మాత్రం లోటు లేకుండా పోయింది. "ఏందప్పా, చైనావోళ్ళు వచ్చి మన బావి తవ్వుతారంటనా?" అని పోస్టుమ్యాన్ కనిపించినప్పుడల్లా ఎగతాళి.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకున్న పాఠం "అక్కర్లేదు" అని చెప్పడం. చైనావాళ్ళకు దానికి ఒక్క మాట చాలదట. మామూలు మాటల్లో "బు యోంగ్". కాస్త గంభీరంగా, నువ్వంత శ్రమపడనక్కర్లేదు అనాలంటే "బు బీ". అసలు ఆ అవసరమే లేదు అని తేల్చేయాలంటే "మెయ్ బీ యావ్". కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క: టీ ఇస్తే అతిథి "బు యోంగ్" అన్నాడని నమ్మి ఊరుకోకండి, మర్యాదకంటాడు, మళ్ళీ అడగండి.

పగలబడి నవ్వాను. ఇది నేర్చుకోడానికి చైనా దాకా పోవాలా? మా ఊళ్ళో ఉగ్గుపాలతో వచ్చే విద్య. ఎవరింటికి పోయినా, సంగటి తింటావా అంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి ఇప్పుడే తిన్నానని అబద్ధమాడాలి. మూడోసారికి కాళ్ళు కడుక్కోవాలి. మొదటి పిలుపుకే కూర్చున్నవాణ్ణి కరువులో పుట్టినోడంటారు. నిజంగా కరువులో పుట్టినవాళ్ళే ఆ మాటకు ఎక్కువ భయపడేవాళ్ళు.

కరువు రానే వచ్చింది. వేరుశనగ మొలక మొలకగానే మాడింది. సర్కారు మేత ఇస్తుందని, ఎవరికి కావాలో రాసుకోడానికి విలేజ్ అకౌంటెంటు వచ్చాడు. కొత్తవాడు, వానలు కురిసే సీమవాడు. మా గడప ముందు నిలబడి, పశువులకు మేత కావాలా అని కన్నడంలో అడిగాడు: "మేవు బేకా అమ్మా?"

కొట్టంలో ఎద్దుల పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. మా అమ్మ కొంగు సర్దుకుని, "అయ్యో, బేడప్పా, లేనోళ్ళకియ్యండి" అంది. అలా మొదటిసారి వద్దని, రెండోసారి అడుగుతాడని నిలబడింది. ఆయన "సరి" అని రాసుకుని పక్కింటికి పోయాడు. నేను నోరు తెరవబోతే అమ్మ కళ్ళతోనే మూయించింది. పక్కింటామె కూడా మర్యాదస్తురాలే. వీధంతా మర్యాదస్తులే, ఖర్మ!

పది రోజులకు పావగడ ఆఫీసుకు పోతే గుమాస్తా రిజిస్టరు తెరిచి, "మీది బంగారట్లాంటి ఊరప్పా! ఒక్కరికీ మేత అక్కర్లేదంట" అన్నాడు. మెయ్ బీ యావ్! అర్జీ పెట్టాం. అది తేలేలోపు ఎద్దులు నేడో రేపో కూలబడేలా అయ్యాయి. నాగలమడిక పశువుల పరసలో కొనేవాళ్ళు అడిగినంతకే ఇచ్చేశాం. పలుపుతాళ్ళు మాత్రం అమ్మ ఇంటికి తెచ్చి కొట్టంలో మేకుకు తగిలించింది. నాకు ఆ అకౌంటెంటు మీద, అంతకంటే మా అమ్మ మర్యాద మీద ఒళ్ళు మండిపోయింది.

మరుసటేడు ఎండల్లో ఆయన మళ్ళీ వచ్చాడు. బస్సు తప్పిందట, మిట్టమధ్యాహ్నం నడిచొచ్చాడు. పెదాలు ఎండిపోయాయి.

"సంగటి తిందువు రాప్పా" అంది అమ్మ.

"బేడమ్మా."

"విన్నావు గదా, వద్దంట" అని నేను తపేలా మీద మూత పెట్టేశాను. ఆహా, ఎంత హాయిగా ఉందో! అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి రెండోసారి అడిగింది.

"ఊట ఆయితమ్మా" అన్నాడు, భోజనమైందని. ఆ అబద్ధం నాకు తెలియనిదా? వానలు కురిసే సీమలోనూ ఇదే విద్య ఉందన్నమాట. చేతిలో రిజిస్టరు ఉన్నప్పుడే దాన్ని మరిచిపోతారు కాబోలు. అమ్మ మూడోసారి అడిగింది. ఆయన చెప్పులు విప్పాడు.

రెండో ముద్ద సగంలో ఉండగా ఖాళీ కొట్టం వైపు చూసి, "ఎద్దులు యాడమ్మా?" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

అమ్మ ఆయన తట్టలో ఇంకో గరిటె చారు పోస్తూ చెప్పింది: "నువ్వు ఒక్కసారే అడిగితివి గదప్పా."