చెంచా పట్టడం రాని ప్రొఫెసరమ్మ

ఎవరి బాధ మీద పరిశోధన చేస్తే ఆ బాధను తనూ నెత్తికెత్తుకోవడం మా అక్కయ్యకు అలవాటు. సొంత అక్క కాదు. నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీ స్టాఫ్‌రూములో నా పక్క బల్ల ఆవిడది. పిల్లలు చాటుగా 'అనుభవం మేడమ్' అనేవారు.

ముసలివాళ్ల వినికిడి మీద పనిచేసిన ఏడాది చెవుల్లో దూది కుక్కుకుని తిరిగింది. ప్రిన్సిపాల్ సెలవు ఇవ్వనంటే "చాలా సంతోషం సార్" అని ఇంటికెళ్లిపోయింది. చూపు మందగించినవాళ్ల వంతు వచ్చేసరికి కళ్లద్దాలకు నూనె పూసుకుని, ఆస్పత్రి వరండాలో కోటు తగిలించిన స్టాండును ఒంట్లో ఎలా ఉందని అడిగింది. జవాబు రాకపోతే, పాపం వినపడదు కాబోలని గొంతు పెంచి మళ్లీ అడిగింది.

"ఎందుకక్కా ఈ అవస్థ? ఇళ్లకెళ్లి అడిగితే చెప్పరా?" అన్నాను.

"చెప్తారు. సిగ్గుపడే సంగతులు తప్ప అన్నీ చెప్తారు."

ఆ తర్వాతి ఏడాది ఆవిడ పని కాళ్ల పుండ్ల మీద. అప్పుడే మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. జన్మంతా పటాలు గీసిన సర్వేయరు, గీత వెంట్రుకవాసి వంకరపోయినా ఊరుకోని మనిషి. ఎడమచేత్తో చెంచా ఎత్తితే సగం ఒళ్లోనే పడేది. నేను తినిపించబోతే మొహం తిప్పుకుని "ఆకల్లేదమ్మా" అనేవాడు. చిక్కి సగమయ్యాడు. ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడు. ఎందరు రోగులకో తినిపించిన దాన్ని, కన్నతండ్రి నోట్లో ఒక్క ముద్ద పెట్టలేకపోయాను. కాలేజీలో బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే అక్కయ్య చూసింది. సంగతంతా అడిగి తెలుసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కుడిచేయి మెడకు కట్టుకుని మా ఇంట్లో దిగింది.

"పరిశోధన, బాబాయ్‌గారూ. ఎడమచేత్తో తిని చూడాలి. మీతోపాటు కూర్చోనా?"

ఇద్దరికీ సూప్ పెట్టాను. ఆవిడ మొదటి చెంచా ఒళ్లో ఒంపుకుంది. రెండోది టేబుల్ తాగింది. మూడోది ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైంది. నాన్న చాలాసేపు ఓర్చుకున్నాడు.

"అలా కాదమ్మా. గిన్నె అంచుకు ఆనించి లేపాలి."

"ఎలా?"

నాన్న చేసి చూపించాడు. చూపించింది నోట్లోకే పోయింది.

"సరిగా చూళ్లేదు బాబాయ్‌గారూ, ఇంకోసారి."

అలా గిన్నె ఖాళీ అయింది. నేను వంటింట్లోకెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఆవిడ రోజూ వచ్చింది. ఎన్నాళ్లయినా ఒక్క ముక్క వంటబట్టలేదు. నాన్న బుగ్గలు మాత్రం పూడుతూ వచ్చాయి.

ఒకరోజు ఆవిడ వెళ్లాక నాన్న కిటికీ దగ్గర నిలబడి అన్నాడు: "మీ మేడమ్ సందు మలుపులో కట్టు విప్పేసి, కుడిచేత్తో తల దువ్వుకుని, స్కూటర్ నడుపుకుంటూ పోతుంది. రోజూ చూస్తున్నాను."

"రావద్దని చెప్పనా నాన్నా?"

"అదేం మాట? ఇంకా చెంచా పట్టడమే రాలేదు పిచ్చితల్లికి," అన్నాడు. "రేపు కాస్త పెందరాళే రమ్మను."