నా కథకి ఆర్. సుమతి దిద్దుబాట్లు

ఇన్నాళ్ళూ నోరు విప్పి ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఐదో తరగతిలో నేను ఆర్. సుమతికి స్నేహితురాలిని కాదు. బోండాకి ఆశపడి ఆ పిల్ల పక్కన కూర్చున్నదాన్ని.

ఆ మాట కడుపులోనే పెట్టుకుని హాయిగా బతికేదాన్ని. పోయిన వారం ఏం చేశానో తెలుసా? దాన్ని తిప్పి రాసి, నన్ను దేవతను చేసుకుని, నా గొంతుతోనే రికార్డు చేసి, సరిగ్గా ఆ సుమతి చెవిలోనే పడేలా పంపించాను! పనిగట్టుకుని చేసినా ఇంత చక్కగా కుదరదు.

మాది పాండిచ్చేరిలో సారం అనే పేట. ఇంట్లో పొద్దున లేస్తే తెలుగే, బళ్ళో మాత్రం అంతా తమిళం. తెలుగు అక్షరాలు నేను ఇరవై దాటాక, ఒకటో తరగతి వాచకం ముందేసుకుని, ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఊరికే ఉండనిస్తుందా? కథలు మొదలుపెట్టాను. ఒక పిల్లల పత్రిక వాళ్ళు, పదేళ్ళ పిల్లలు చదువుకునేలా, ఆటిజం ఉన్న పిల్ల గురించీ స్నేహం గురించీ కథ కావాలన్నారు. అలాంటి పుస్తకాలు అప్పటికే ఆరేడు చదివి ఉన్నాను. దారి తెలిసిపోయింది. ఎవరితోనూ కలవని ఒక పిల్ల. అందరూ నవ్వుతారు. మంచి మనసున్న ఒక్క పిల్ల మాత్రం నవ్వదు. తర్వాత ఏదో ఆపద. కలవని పిల్లకి ఏదో ఒక అద్భుతమైన తెలివి ఉండి తీరుతుంది కదా, దాంతో అందర్నీ గట్టెక్కిస్తుంది. ఇక అందరూ స్నేహితులే!

నాకు సుమతి ఉందిగా. ఆమెని సుగుణ చేశాను. మంచి మనసున్న పిల్ల ఎవరో వేరే చెప్పాలా? నాకు రెండు జడలు కూడా పెట్టుకున్నాను. కథలో బడిపిల్లలంతా పార్కుకి పోతారు. ఒక చిన్న పాప తప్పిపోతుంది. ఊళ్ళో బస్సు నంబర్లన్నీ నోటికొచ్చిన సుగుణ, ఆ పాపని అరియాంకుప్పం బస్సులో కనిపెడుతుంది. ఆఖర్లో ముప్పై మంది పిల్లలు ఆమెని ఒక్కసారిగా కౌగిలించుకుంటారు. రాస్తూ నేనే ఏడ్చాను.

పత్రికకి పంపి, అమ్మకి చూపించాను.

"నాకు ఈ అచ్చరాలు యాడ తెలుసే? సదివి వినిపీ."

మా వాళ్ళంతా అంతే, మాటే గానీ రాత రాదు. ఒక్కొక్కరికీ చదివే ఓపిక లేక, మొత్తం రికార్డు చేసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడేశాను.

మా మేనత్తకి కిరుమాంబాక్కంలో కుట్టు షాపుంది. ఆవిడ మిషన్లన్నీ ఆపించి, "నా మేనకోడలు రాసిన కథ, వినండి" అని ఫోను స్పీకర్లో పెట్టిందట. ఆ షాపులో నెల కిందట హుక్కులు కుట్టడానికి ఒక కొత్త పిల్ల చేరింది. ఎవరో నాకు తెలీదు. మీకు తెలిసిపోయి ఉంటుంది.

సాయంత్రం అత్త ఫోన్.

"రేవతీ, మా సుమతికి నీ కథ శానా నచ్చినట్టుందే! నీ నంబరు అడిగి తీసుకునింది. అప్పట్నుంచీ గోడ పక్కకి తిరిగి ఫోన్లో నీకేందో చెప్తానే ఉంది."

"ఏ సుమతి అత్తా?"

"నీతో సదివిందంట కదమ్మా!"

ఫోను చూశాను. తొమ్మిది వాయిస్ మెసేజీలు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అదే గొంతు, ఎగుడుదిగుడు లేకుండా, వార్తలు చదివినట్టు.

"జి. రేవతీ, నేను ఆర్. సుమతి. ఒకటి. ఆ పిల్ల నేనే. పేరు మార్చినావు. పచ్చ టిఫిను డబ్బా మార్చలేదు."

"రెండు. నాకు బస్సు నంబర్లు తెలీవు. నాకు బస్సంటే బయం. హారను కొడతాడు."

"మూడు. ముప్పై మంది పట్టుకుంటే నాకు వాంతి వస్తాది. ముగ్గురు పట్టుకున్నప్పుడే వచ్చింది. నీ గౌను మీద."

అవును, వచ్చింది. అదెలా మర్చిపోయాను! ఏం చెయ్యాలో తోచక, బొటబొటా కన్నీళ్ళు కారుస్తున్న ఎలుగుబంటి స్టిక్కరు పంపాను.

"ఎలుగుబంటి ఎందుకు ఏడుస్తా ఉంది?" అని వెంటనే జవాబు.

"అది కథ కదా సుమతీ, అంతా కల్పన" అన్నాను.

"కల్పనలో నాకు బస్సు నంబర్లు ఎందుకు ఇచ్చినావు? ఏమీ తెలీకపోతే నాతో ఆడరా?"

అన్ని పుస్తకాలు చదివాను. ఈ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నాలుగోది నొక్కేసరికి అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఈ బోండా సంగతేమిటంటే, ఇద్దరూ తెలుగోళ్ళే కదా అని టీచరు మమ్మల్ని ఒకే బెంచీలో కూర్చోబెట్టింది. నేను వేరే బెంచీకి మారిపోతానేమోనని సుమతి వాళ్ళమ్మ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "పక్కనే కూర్చోమ్మా, డబ్బాలో నీక్కూడా బోండా పెడతా" అంది.

"నాలుగు. డబ్బాలో రెండు బోండాలు. ఒకటి నీకు, ఒకటి నాకు. రెండూ నువ్వే తినేదానివి."

"రెండూనా!" అంది అమ్మ. "థూ!"

ఐదు, ఆరు, ఏడు చిన్నవే. బళ్ళో మమ్మల్ని పార్కుకి తీసుకెళ్ళిన రోజు వాన పడలేదు. టీచరు చీర నీలం కాదు. నాకు రెండు జడలు లేవు, బాబ్ కటింగ్.

"ఎనిమిది. తప్పిపోయింది పాప కాదు. నేను. టికెట్ గది వెనక కూర్చోనున్నాను. నువ్వు వచ్చినావు. చూసినావు. మళ్ళీ పోయినావు."

అమ్మ నా వైపు చూసింది. ఆ థూ అన్నా బాగుండేది.

సుమతి మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది కాబట్టి నన్ను చూడలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మిగతా ఆడపిల్లలు నన్ను ఆటలో చేర్చుకోవడం ఆరోజే మొదలు. సుమతి ఫలానా చోట ఉందని చెప్తే, "పోయి దాని పక్కన కూర్చో" అంటారు. అందుకే చెప్పలేదు. పొద్దు గూకాక వాచ్‌మన్ వెతికి తీసుకొచ్చాడు. అంతకు ముందు టీచరు "ఎవరైనా చూశారా?" అని అడిగినప్పుడు, అందరికంటే ముందు తల అడ్డంగా ఊపింది నేనే.

"తొమ్మిది. ఎందుకు పోయినావు? అది కథలో లేదు. మధ్యానం ఒకటిన్నరకి మిషన్లు ఆపుతారు. అప్పుడు ఫోన్ చేస్తే నాకు వినిపిస్తాది."

మర్నాడు పత్రిక నుంచి ఉత్తరం. 'మీ కథ వేసుకుంటున్నాం. ఆ కౌగిలి దగ్గర మా కళ్ళు చెమర్చాయి.' అచ్చులో నా మొదటి కథ! ఇంకా జవాబు రాయలేదు.

సుమతికీ ఇవ్వలేదు. ఫోన్లో ఏం చెప్పాలో ముందు కాగితం మీద పెట్టుకుందామని కూర్చున్నాను. మూడు రోజుల్లో నాలుగుసార్లు రాశాను. మొదటిసారి రాసినదాంట్లో నాకు జ్వరం. రెండోదాంట్లో టీచరుదే తప్పు. మూడోదాంట్లో నేను పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చేసరికి సుమతి అక్కడ లేదు. నాలుగోది చాలా బాగా వచ్చింది, మళ్ళీ ఏడ్చాను కూడా, అందులో ఏకంగా సుమతే నన్ను ఓదారుస్తోంది!

ఇంకాసేపు కలం నా చేతిలో ఉంటే ఆ పిల్ల చేతే నాకు సన్మానం చేయించేలా ఉన్నాను. వద్దు. ఇప్పుడు ఒకటీ ఇరవై. ఇంకో పది నిమిషాల్లో ఫోన్ చేస్తాను. నేను అబద్ధం మొదలుపెడితే నంబరేసి మరీ ఆపేస్తుంది.