వార్నిష్ పూసిన కాయిల్

బహ్రెయిన్‌లో బ్యాటరీ సిగరెట్‌కు మొట్టమొదట కాయిల్ చుట్టిన మనిషిని నేనే. ఎవరడిగినా ఇలాగే చెబుతుంటాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త తగ్గిస్తాను. మొదటివాణ్ణి కాను, నాకు తెలిసినంతలో రెండోవాణ్ణి. అదీ ఆ మొదటివాడి మీద కడుపుమంటతో.

రెండు వేల దశకం చివర్లో మాట. నయీమ్ అనే పేటలో ఒక మోటార్ వైండింగ్ షాపులో నేను మేస్త్రీని. కాలిపోయిన మోటారులోంచి పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, ఓవెన్‌లో ఆరబెట్టి ఇవ్వడం నా పని. ఒక పెద్ద షేక్ గారి భవనానికి నీళ్లెక్కించే మోటారు నా చేతిదే. అంటే, భవనానికి కాదు, ఆయన డ్రైవర్లు ఉండే షెడ్డుకి. మోటారు మాత్రం బాగానే తిరిగేది.

షాపు మీది గదిలో నాతోపాటు ఒక నిజామాబాద్ మనిషి ఉండేవాడు. నాకంటే బాగా చిన్నవాడు. జుఫైర్‌లో ఒక హోటల్లో వంటపని. పొద్దున అతిథులకు ఆమ్లెట్లు వేసి, మధ్యాహ్నం బ్రేక్‌కి గదికి వచ్చి, సాయంత్రం మళ్లీ డ్యూటీకి వెళ్లేవాడు. ఎండకు మా షాపూ మధ్యాహ్నం మూసేవాళ్లు. ఆ వేళ ఇద్దరం మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఒక్క సిగరెట్‌ను సగం సగం తాగేవాళ్లం. రెండు కొనుక్కోలేక కాదు. ఒకటైతే ఒకడు తాగుతున్నంతసేపు రెండోవాడు మాట్లాడతాడు. షాపులో మిగతావాళ్లంతా బెంగాలీలు, పాకిస్తానీలు. రాత్రి వీడు వచ్చేసరికి నేను నిద్రలో ఉండేవాణ్ణి. రోజు మొత్తంలో నేను తెలుగు మాట్లాడేది ఆ ట్యాంకు నీడలోనే.

అలాంటిది, హోటల్ ఖాళీ చేసి వెళ్తున్న అతిథి ఒకాయన, వీడి ఆమ్లెట్ నచ్చి, తన బ్యాటరీ సిగరెట్టూ అందులో పోసే రెండు సీసాల లిక్విడూ చేతిలో పెట్టిపోయాడు. వీడికి సరిగ్గా కావలసిందే దొరికింది. కూరల్లో ఉప్పు హెచ్చవుతోందని, సిగరెట్లు తాగి తాగి నోరు చచ్చిందని పెద్ద చెఫ్ అప్పటికే గొణుగుతున్నాడు. కొన్నాళ్లు బాగానే పీల్చాడు. తర్వాత ఆ లిక్విడ్‌ను ఆవిరి చేసే లోపలి కాయిల్ కాలిపోయింది. ఆ సామాను అమ్మే షాపు ఊళ్లో మాకు ఎక్కడా దొరకలేదు.

ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతూనే నోట్లోంచి తెల్లగా పొగ వదిలాడు.

"బాగైంది అన్నా! మా హోటల్ల ఏసీలు బాగుజేసే ఫిలిప్పీనాయన లేడా, ఆయన చుట్టిచ్చిండు. జూడు, సూది మీద చుట్టిండట. మనిషి కాదన్నా, మెషిన్."

"ఏదీ, ఇటివ్వు." మూత తీయించి, కళ్లద్దాలు పైకి తోసి చూశాను. పెసరగింజంత గిన్నెలో వెంట్రుకలాంటి తీగ, ఆరు చుట్లు, మధ్యలోంచి దూది వత్తి. "ఆ చివరి చుట్టు పక్కదాని మీదకెక్కింది."

"ఎక్కలే."

"ఎక్కిందిరా. ఇంట్లో వైండింగ్ మేస్త్రీని పెట్టుకుని వాడెవడి దగ్గరికో ఎందుకెళ్లావు?"

"నువ్వు చుట్టేటియి బిందెలంత ఉంటయి గదన్నా. గిది ఆవగింజంత. నీకు కండ్లు గుడ ఆనయి."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఎక్కిన చుట్టు అంటూ ఏమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆరు చుట్లూ పలువరుసలా ఉన్నాయి. అదే నా బాధ.

ఆ తర్వాత వాడి బ్రేకులు జుఫైర్‌లోనే గడవడం మొదలయ్యాయి. కాయిల్ మార్చాలని ఒక రోజు, వత్తి మార్చాలని ఇంకో రోజు. ఫోన్ చేస్తే, "ఆయన రూంలనే ఉన్నన్నా, ఎండల ఏం రావాలె" అనేవాడు. వెనక ఇంకెవరిదో నవ్వు వినిపించేది. నేను మేడ మీద ఒక్కణ్ణే కూర్చుని, ఆ ఫిలిప్పీన్స్ మనిషికి వీడు ఏ భాషలో ఏం చెబుతున్నాడా అని ఆలోచించేవాణ్ణి. మా ఇద్దరి కబుర్లే హిందీలో చెబుతున్నాడేమో. పెళ్లాం అలిగి పుట్టింటికి వెళ్లినా ఇంత కుళ్లుకోలేదు నేను.

సరే, నేనే చుడతానని పట్టుబట్టాను. షాపులో ఉన్నవాటిలోకెల్లా సన్నటి రాగి తీగ తీసి, సూది మీద అందంగా ఆరు చుట్లు చుట్టాను. మీటరు పెడితే ముల్లు సున్నా దగ్గర కూలబడింది. మీటరు పాడైందనుకున్నాను. బ్యాటరీకి తగిలిస్తే దాని మీది చిన్న దీపం టపటపా కొట్టుకుని ఆరిపోయింది, బ్యాటరీ చేతిలో వేడెక్కింది. జీవితమంతా రాగి చుట్టినవాణ్ణి కదా, వేడెక్కకుండా కరెంటు పోనివ్వడమే నా విద్య. ఇక్కడ కావలసింది దానికి తలకిందులు. తీగ కరెంటును అడ్డుకోవాలి, ఎర్రగా కాలాలి. పాత హెయిర్ డ్రయర్ విప్పి అందులోని నైక్రోమ్ తీగ లాగాను. అది మరీ లావు, రెండు చుట్లకే గిన్నె నిండిపోయింది.

సన్న నైక్రోమ్ ఉన్నది ఆ ఏసీలాయన దగ్గరే. ఒక శుక్రవారం చొక్కా ఇస్త్రీ చేసుకుని జుఫైర్ వెళ్లి, హోటల్ వెనక గేటు దగ్గర నిలబడి ఆ ఫిలిప్పీన్స్ మనిషిని పిలిపించుకున్నాను. దులిపేసి రావాలనే వెళ్లాను. నన్ను చూడగానే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నయీమ్ భాయ్! మీరేనా!" అన్నాడు వచ్చీరాని హిందీలో, మా పేట పేరే నాకు పెట్టి. "రోజూ మీ మాటే. 'ఆయన ముందు నువ్వెంత, ఆయన పంపు మోటార్లే చుడతాడు' అంటుంటాడు మీవాడు."

తిట్టడానికి చోటే లేకుండా చేశాడు. లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చాడు, మూరెడు తీగ చుట్టి చేతిలో పెట్టాడు. పద్ధతి చెప్పాడు. చుట్టు చుట్టుకూ సందు సమానంగా ఉండాలి. మీటరు మీద రెండు ఓమ్‌లకు అటూ ఇటూ రావాలి. వత్తి పెట్టకముందే ఒకసారి ఉత్తిగా బటన్ నొక్కి చూడాలి, ఎరుపు మధ్యలో మొదలై రెండు పక్కలకూ పాకాలి. దూది బిగించకూడదు, వదులుగా ఉండకూడదు.

"ఉత్తిగా కాల్చి చూడకుండా నోట్లో పెట్టుకోవద్దు, భాయ్" అని రెండుసార్లు చెప్పాడు. ఆయన మంచివాడు కావడం నాకు అస్సలు నచ్చలేదు.

మర్నాడు చుట్టాను. మీటరు ముల్లు రెండు దగ్గర నిలబడింది. ఆ కాయిల్ ఆయనదానికి తీసిపోదు, ప్రమాణం చేసి చెబుతాను. సరే, ప్రమాణం వద్దు. కొంచెం తీసిపోతుంది. పక్కపక్కన పెడితే నాది మాసినట్టుంది. అందుకని వార్నిష్‌లో ముంచి, మోటార్లతో పాటు ఓవెన్‌లో పెట్టాను. చేయి అలవాటులో ముంచేశానని తర్వాత అందరితో అన్నాను. అలవాటు కాదు. తళతళలాడాలనే ముంచాను. ఉత్తిగా కాల్చి చూడలేదు, అలా చూడమన్నది ఆయన కాబట్టి.

వాణ్ణి ఫోన్ చేసి రప్పించాను. ట్యాంకు నీడలో కాయిల్ బిగించి, దూది దూర్చి, లిక్విడ్ చుక్కలు వేసి ఇచ్చాను.

"మస్తు మెరుస్తుందన్నా!" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా చెవులు చల్లబడ్డాయి.

గట్టిగా ఒక్క దమ్ము లాగాడు. ముఖం ఎర్రబడిపోయింది. దగ్గుతూ ట్యాంకు పట్టుకుని వంగిపోయాడు, కళ్లెంట నీళ్లు. మూత తీసి వాసన చూస్తే మా షాపు వాసనే. నీళ్లు తెచ్చిచ్చి, అక్కడికక్కడే చెప్పేశాను.

"వార్నిష్ వేశానురా."

పుక్కిలించి ఊసి నావంక చూశాడు. "వార్నిషా? నా గొంతేమన్న మోటారా అన్నా?"

"చూడ్డానికి బావుంటుందని..."

"ఎవలు జూస్తరే దాన్ని లోపల!" మళ్లీ దగ్గాడు. "పొద్దూకితే డ్యూటీ ఉన్నది నాకు. నోట్ల మంట. ఉప్పు ఎట్ల జూడాలె? ఆ చెఫ్ ఇయ్యాల నన్ను ఇంటికే తోలుతడు."

"రేపట్నించి మళ్లీ వాడి రూంకే పోతావా?" అని అడిగేశాను. ఆ సమయంలో అడగాల్సింది అది కాదు. అయినా నాకు కావలసింది అదొక్కటే.

దగ్గడం ఆగాక వాడు నీళ్ల గ్లాసు నా చేతిలో పెట్టాడు. "గిందుకా గిదంతా?" అని మాత్రం అని మెట్లు దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఉప్పు వేరేవాళ్ల చేత చూపించుకుని గండం గట్టెక్కాడట. రెండు రోజులు ఇటు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి నా ముందు పెట్టాడు. అందులో ఫిలిప్పీన్స్ మనిషి చుట్టిన కాయిల్ ఉంది.

"చుట్టుడు ఆయనకాడనే. నువ్వు ముట్టకు. మీటర్ మంచిది నీ కాడ ఉన్నది గద, చెక్ జేసియ్యి. నువ్వు ఓకే అంటేనే నోట్ల బెడ్త."

అలా నేను టెస్టింగ్ మేస్త్రీనయ్యాను. కింద షాపులోంచి మీటరూ భూతద్దమూ మేడ మీదికి మోసుకెళ్లి, ఎవరిమీదైతే కుళ్లుకుంటున్నానో వాడి పనితనాన్నే మావాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించేవాణ్ణి. ఒక్క తప్పు దొరక్కపోతుందా అని చూసేవాణ్ణి. ఒకటి రెండుసార్లు దొరికింది కూడా. అలా దొరికిన రోజు నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగేవి.

ఒకసారి ఒక కాయిల్ వచ్చింది. సందులన్నీ దువ్వెన పళ్లలా ఉన్నాయి. ముల్లు వెళ్లి నిలవాల్సిన చోట కదలకుండా నిలబడింది. ఉత్తిగా నొక్కితే ఎరుపు మధ్యలో పుట్టి, నెమ్మదిగా రెండు పక్కలకూ పాకింది. అంత బాగా నా జన్మలో నేను చుట్టలేను. ఓకే అంటే వాడు దూది పెట్టుకుని, రెండు దమ్ములు లాగి వెళ్లిపోతాడు.

"కొంచెం తేడాగా ఉందిరా. కూర్చో, ఇంకోసారి చూడాలి" అన్నాను.

వాడు వంగి మీటరు వంక చూశాడు. ముల్లు ఎక్కడుండాలో అప్పటికి వాడికీ తెలుసు. నా ముఖం చూశాడు, గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకున్నాడు.

"చూడన్నా, నిమ్మలంగ చూడు. నా బస్సుకు ఇంకా టైమున్నది."