నాలుగో గదిలోనిది

మా ఆసుపత్రి ఆఫీసులో హెడ్ క్లర్కును వెనకాల అందరూ 'బడినదిగారు' అంటారు. ముఖాన అనే ధైర్యం నాకూ లేదు. పదకొండేళ్ళుగా ఆయన రాసిందల్లా టైపు చేసి పెడుతున్నదాన్ని.

చేరిన కొత్తలో పై ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరంలో 'ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్' అన్న మాట ఆయన కంటబడిందట. నిర్ణయించిందెవరో అందులో లేదు. తిట్టుకుందామన్నా మనిషి దొరకడు. చేతికి మట్టి అంటకుండా బతికే దారి ఆయనకు అక్కడే దొరికింది. దాన్ని తెలుగులోకి దించుకుని ఇరవయ్యారేళ్ళు నెట్టుకొచ్చాడు. సెలవు నిరాకరించబడినది. ఫైలు పోగొట్టబడినది. తాను కాఫీ ఒలకబోసిన రిజిస్టరు మీద కూడా ఎర్ర సిరాతో 'తడపబడినది' అని రాశాడు. ఇంట్లో "పాలు పొంగించబడ్డాయి" అంటే, వాళ్ళావిడ "పొంగించిన మహానుభావుడే పొయ్యి తుడవాలి" అని గుడ్డ చేతికిస్తుందట. ఆఫీసులో ఆ గుడ్డ ఇచ్చేవాళ్ళు లేరు.

నాలుగో గదిలో దుప్పట్లు ఉతుకుతారు. అక్కడున్నది ఒక పాత ఆరబెట్టే మిషను, దాన్ని నడిపే ఆయా. ఆవిడకు యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, ఆగని నోరు. మంచాన పడ్డ అక్కకూ తనకూ ఆ ఉద్యోగమే ఆధారం.

ఒక సోమవారం ఆ గది తలుపు మీద నోటీసు కనిపించింది. "పాతబడినందున, తరచు ఆగిపోవుచున్నందున, శబ్దము ఎక్కువైనందున, నాలుగో గదిలోనిది తొలగించబడినది."

బడినదిగారి ఉద్దేశం మిషను. ఆ ముక్క రాయడం ఆయనకు దండగనిపించింది.

ఆయా కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. పాతబడ్డం నిజమే. మోకాళ్ళు పట్టేసి ఆగిపోవడమూ నిజమే. శబ్దం సంగతి సరేసరి. తిన్నగా ఆయన బల్ల దగ్గరికొచ్చింది.

"తీసేశారా సార్?"

ఆయన తలెత్తలేదు. "తొలగించబడింది. నోటీసు చూళ్ళేదా?"

"ఎవరు సార్ తీసేసింది?"

"ఎవరేంటమ్మా? తొలగించబడిందంటే తొలగించబడిందే."

ఆవిడ వెళ్ళిపోయింది. పక్క సీట్లో ఉన్న నేను మిషను గురించే అనుకున్నాను.

పది రోజులు ఆవిడ రాలేదు. దుప్పట్లు గుట్టలు పడ్డాయి. చివరికి వాళ్ళింటికి వెళ్ళాను. సంగతి విన్నాక ముందు నవ్వొచ్చింది. మంచం మీది అక్క నా మొహం వంకే చూస్తుంటే సిగ్గేసింది.

మర్నాడు ఆవిణ్ణి పెద్ద డాక్టరుగారి ముందు నిలబెట్టాను. ఆయన రికార్డు చూసి హెడ్ క్లర్కును పిలిచారు.

"చెప్పకుండా మానేసినట్టుంది ఇందులో. ఇలాగే ఉంటే ఉద్యోగం పోతుంది. పొరపాటు ఎవరిదో రాసి తెండి, సంతకం పెడతాను. రేపట్నుంచి వస్తుంది."

'నేను సరిగా రాయలేదు.' మూడే మాటలు. రాస్తే శిక్షేమీ పడదని అందరికీ తెలుసు. ఆ మూడు మాటల కోసం ఆ మనిషి సాయంత్రం దాకా కూర్చున్నాడు. 'పొరపాటు చేయబడినది' అని రాస్తే డాక్టరుగారు "ఎవరు చేశారు?" అని తిప్పి పంపారు. 'స్పష్టపరచబడలేదు' అని రాస్తే అదీ తిరిగొచ్చింది. అంత పిరికిమనిషిని నా పుట్టుకలో చూడలేదు. ఆయా వరండాలో బెంచీ మీద కూర్చునే ఉంది.

ఆఫీసు మూసే వేళకు ఆయనకు కర్త దొరికింది. నేనెరిగి మొదటిసారి 'బడు' లేని వాక్యం రాసి నా బల్ల మీద పెట్టాడు. "ఆయా నోటీసును తప్పుగా చదువుకొని పది దినములు పనికి రాలేదు." కింద ఆవిడ సంతకానికి చోటు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటే ఇదే.

"సార్, ఇది అన్యాయం సార్," అన్నాను.

"టైపు చెయ్యమ్మా. ఆవిడ ఉద్యోగం ఉండాలా, వద్దా?"

టైపు చేశాను. ఆయాకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.

"ఇందులో సంతకం పెడితే రేపు రావొచ్చా అమ్మా?"

"రావొచ్చు."

పెట్టింది. ఆ కాగితం తానే తీసుకెళ్ళి ఆయన బల్ల మీద ఉంచి, రెండు చేతులూ జోడించింది. "తప్పైపోయింది సార్."

ఆయన కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంటూ, "సర్లే, క్షమించబడింది," అన్నాడు.