గవదబిళ్ళలు కూతురికి, బడి తల్లికి

నేను బడిలో కూర్చున్న ఒక్క రోజులోనే ఆరో తరగతి పాఠం ఆగిపోయింది. పక్క తరగతి పిల్లలు మా కిటికీలకు గబ్బిలాల్లా వేలాడారు. హెడ్మాస్టరు కళ్ళజోడు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నా కూతురి చదువు తెగడానికి సిద్ధంగా ఉన్న బావితాడులా ఊగింది. ఇంత పని చేసిన మనిషికి అప్పటికి ఒక్క అక్షరం రాదు. వచ్చి ఉంటే ఇంకెంత చేసేదాన్నో మీరే ఊహించుకోండి.

బడి పేరు చెప్పను. వేంపల్లె చుట్టుపక్కల ఊరే, బడి ఇప్పటికీ ఉంది, పిల్లలు నవ్వుతారు. కర్నూలు మన రాజధానిగా ఉన్న కాలం అది. మా పల్లె నుంచి మిడిల్ స్కూలుకు వెళ్ళిన మొదటి ఆడపిల్ల మా ఈశ్వరి. పంపాలనుకున్నది నేను, ఒప్పుకోవలసింది మా అత్త చెన్నమ్మ. మా ఇంట్లో అత్త మాటే మాట. దాహమేస్తే మా ఆయన కూడా ఆమె మొహం చూసి నీళ్ళు తాగేవాడు.

"చూడు ఓబులమ్మా," అంది అత్త, "పోతే పోనీ పిల్ల. ఆ అయివారు నోటెంబడి ఒక్క మాట వచ్చిందా, ఆ పొద్దే బడి బందు. కలుపుకు తోల్తా."

అయివారంటే తెలుగు చెప్పే దస్తగిరి అయివారు. బక్కపల్చటి మనిషి, మీసం మాత్రం ఇద్దరికి సరిపోయేది. బడి తెరిచిన రోజు తల్లుల్నీ తండ్రుల్నీ వసారాలో నిలబెట్టి తన తరగతి నియమాలు చెప్పారు. పుస్తకానికి అట్ట వెయ్యాలి. చెయ్యెత్తకుండా ఎవరూ మాట్లాడకూడదు. గంట కొట్టేదాకా ఎవరూ లేవకూడదు. చూచిరాత ఎవరిది వాళ్ళే రాసుకోవాలి, ఇంట్లోవాళ్ళు రాసిపెడితే ఆయన కంటికి దొరికిపోతుంది. పద్యం సాయంత్రంపూట ఇంట్లో గట్టిగా చదవాలి, పెద్దవాళ్ళొకరు పక్కన కూర్చుని వినాలి. పిల్ల రాని రోజు ఇంటి నుంచి ఎవరో ఒకరు వచ్చి ఎందుకు రాలేదో చెప్పాలి. చెప్పకుండా మానేస్తూ పోతే పేరు కొట్టేస్తారు.

మిగతావాళ్ళు తలలూపి ఇళ్ళకు వెళ్ళారు. నేను ఆ నియమాలను దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్ళాను. పేరు కొట్టేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఈశ్వరి చేతిలో పుస్తకం పోయి కొడవలి వస్తుంది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక పొద్దున ఈశ్వరి రెండు బుగ్గలూ వాచిపోయి లేచింది. గవదబిళ్ళలు. మొహం చూస్తే ఇద్దరు పిల్లల్ని ఒకే జడలో అల్లినట్టుంది.

ఇక్కడే నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. అది పనిచెయ్యకుండా ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

మా కలుపు పనిలో ఒక్కొక్కరిదీ ఒక సాలు. ఒకరు రాకపోతే ఆ సాలు వెనకబడుతుంది, గుంపంతా దాని కోసం ఆగాలి. అందుకని ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ ఇంటి నుంచి ఇంకొకరు బదులు పోతారు. అక్క బదులు చెల్లెలు, అత్త బదులు కోడలు. అంతేగానీ గట్టు మీద నిలబడి "మా అక్కకు జరం" అని అరిచి వెనక్కి తిరిగితే, ఆ ఇంటి గడప మళ్ళీ ఏ మేస్త్రీ తొక్కడు. అయివారు వచ్చి చెప్పమన్నారు, నిజమే. చెప్పి వెళ్ళిపొమ్మని మాత్రం అనలేదు కదా. పెద్దమనిషి, మొహమాటానికి అంతవరకు చెప్పి ఊరుకున్నారు, మిగతాది మనమే తెలుసుకోవాలి అనుకున్నాను.

సంగటి ముద్దా గోంగూరా మూటగట్టుకుని బయల్దేరాను. పనికి కదిలితే నా చెయ్యి దానంతటదే కొడవలి తీసి నడుముకు దోపుతుంది. ఆ రోజు కూడా దోపింది.

అయివారు నన్ను గుమ్మంలో చూశారు. "ఏమ్మా, ఈశ్వరి రాలా?"

"గవదలు అయివారూ. మొగం గుమ్మడికాయ మాదిరి ఉండాది. గంజి కూడా దిగలా."

"అయ్యో. వచ్చి చెప్పినావు, మంచి పని చేసినావు. తగ్గినాకనే పంపు."

అని బోర్డు వైపు తిరిగారు. నేను తిన్నగా వెళ్ళి, ఈశ్వరి చోటేదో అడిగి, ఆడపిల్లల బల్ల మీద కూర్చున్నాను. బల్ల కిర్రుమంది. పక్కపిల్ల నా నడుములోని కొడవలి చూసి జరిగింది. దాని పక్కది జరిగింది. చివరి పిల్ల కిందపడింది.

ఆ చప్పుడుకు అయివారు తిరిగారు. "ఇంగా ఏమన్నా చెప్పాల్నా అమ్మా?"

నేను చెయ్యెత్తాను. "ఏం లేదు అయివారూ. మీరు కానీండి."

"మరి కూర్చున్నావే?"

"ఈశ్వరి బదులు."

"బదులా?"

"మీరేం దిగులు పడొద్దు. పొద్దు గూకేదాకా ఉంటా. సద్ది కూడా తెచ్చుకున్నా."

తరగతి గొల్లుమంది. అయివారు నవ్వలేదు. మీసం మాత్రం ఒక పక్కకు కదిలింది.

"అమ్మా, ఇది కలుపు గాదు. ఒకరి పాఠం ఇంకొకరు తీసేదానికి లేదు."

"సాలు వెనకబడదా?"

"పడితే ఆ పిల్లే వచ్చి తీసుకుంటాది. నువ్వు పోయి పిల్లను చూసుకో."

వెళ్ళమంటున్నారు. పనిలో దిగిన మనిషిని మధ్యలో వెనక్కి పంపడం మా వైపు ఎంత చిన్నతనమో మీకు తెలియదు. "అయివారే పొమ్మన్నాడంట" అనే మాట నాకంటే ముందు పరిగెత్తి అత్త చెవిలో దూరుతుంది. అత్తకు ఆ ఒక్క మాట చాలు. మళ్ళీ చెయ్యెత్తాను.

"గంట కొట్టేదాకా ఎవురూ లేయగూడదని మీరే అంటిరి గదా."

సొంత నియమం సొంత తరగతిలో అడ్డంగా పడుకుంటే ఏ అయివారు మాత్రం ఏం చేస్తారు.

"సరే. ఆ కొడవలి మాత్రం బయట పెట్టి రా."

హాజరు పిలిచారు. ఈశ్వరమ్మ అనగానే లేచి "వచ్చినా" అన్నాను. ఆయన రాలేదని రాసుకున్నారు.

"ఇంత మనిషిని ఎదురుగా పెట్టుకోని రాలేదంటారేంది అయివారూ?"

"బదులు హాజరు సర్కారు ఒప్పుకోదమ్మా."

"కలుపు కాడ ఒప్పుకుంటారే."

"అందుకే కలుపు ముందుకు పోతాంది, సర్కారు ఈడనే ఉండాది" అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

నా ఖర్మకు ఆ రోజే పద్యం అప్పజెప్పే రోజు. ఈశ్వరి నోట సాయంత్రాలు విన్న పద్యమే కదా అని ధైర్యంగా లేచాను. మంచివాడి గుణాలు చెప్పే పద్యం అది. మొదటి పాదం చక్కగా వచ్చింది. రెండో పాదానికి గొంతు లేచింది. గొంతు లేస్తే నాకు తెలిసింది ఒకటే రాగం, కలుపు పాట రాగం. మూడో పాదం ఎటుపోయిందో ఈ రోజు వరకు తెలియదు. పద్యంలోని మంచివాడు ఉన్నపళంగా ప్రొద్దుటూరు సంతకు వెళ్ళి పెళ్ళానికి రవికగుడ్డ బేరమాడాడు. దారిలో మల్లెపూలు కూడా కొన్నాడు. కలుపు పాట ఎక్కడ వినిపించినా చివర "ఓహో" అని అందుకోవడం మా పల్లెల పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. తరగతంతా అందుకుంది. పక్క తరగతి కూడా అందుకుంది.

అప్పుడే హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చారు.

"దస్తగిరీ, ఏందయ్యా ఇది?"

"పద్యం సార్."

"ఆమె ఎవరు?"

అయివారు నావైపు చూశారు. పిచ్చిది, దారి తప్పి వచ్చింది అనొచ్చు. ఎవరో ఆడమనిషి, పంపించేస్తున్నా అనొచ్చు. అన్నా తప్పు లేదు.

"ఆరో తరగతి సార్" అన్నారు.

హెడ్మాస్టరు నన్ను కింది నుంచి మీదికి చూసి, కళ్ళజోడు తుడుచుకుని, ఇంకోసారి చూసి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటకు నేను అయివారికి ఇప్పటికీ బాకీ.

చూచిరాత వేళకు ఎక్కడి నుంచో పలక తెప్పించి, అ అనే అక్షరం రాసి నా ముందు పెట్టారు. "నీది నువ్వే రాయల్ల. అది కూడా నియమమే." నాగలి లాగే ఎద్దు కూడా అంత చెమట కార్చి ఉండదు. నేను రాసింది ఆయన పలక తిప్పి తిప్పి చూశారు.

"ఇది అ నే అమ్మా. కొంచిం గవదలు వచ్చినాయి, అంతే."

ఇంటికి వెళ్ళేసరికి వార్త నాకంటే ముందే వెళ్ళి మంచం మీద కూర్చుంది. దాని పక్కన అత్త కూర్చుంది.

"ఏమే, బడిలో కలుపు పాట పాడితివంట."

"పద్యమే అత్తా, మధ్యలో..."

"ఊరంతా నవ్వుతాండాది. ఇంగ అయివారు నోరు తెరవాల్నా? రేపు నేనే పోయి పేరు కొట్టిచ్చి వస్తా. బడి బందు."

ఈశ్వరి నాయనమ్మ చెయ్యి పట్టుకుని "జేజీ" అని ఏడవబోయింది. ఆ బుగ్గలతో ఏడవడం కూడా దానికి కష్టమైపోయింది. అత్త నోట బడి బందు అనే మాట రాకుండా కాపాడదామని వెళ్ళి, ఆ మాటను నేనే మూటగట్టి ఇంటికి తెచ్చాను.

తెల్లారి అత్త కర్ర పట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నమైంది, రాలేదు. పేరు కొట్టడానికి ఒక గీత చాలు కదా, ఇంతసేపు ఏం కొడుతున్నారో అని నాకు చెమటలు. పొద్దు వాలాక వచ్చింది. కాళ్ళు కడుక్కుంది.

"పేరు కొట్టిచ్చినావా అత్తా?"

"ఆ నల్లగొర్రె యాడికి పోయింటాదే?" అంది అత్త.

"ఏ గొర్రె?"

"బడిలో గొర్రె."

జరిగింది ఇది. అత్త గుమ్మంలో నిలబడగానే అయివారు, "ఈశ్వరి బదులా అమ్మా? కూర్చో. గంట కొట్టినాక మాట్లాడుకుందాం" అని పాఠం అందుకున్నారు. గొర్రెను పోగొట్టుకున్న పిల్లవాడి కథ. మా అత్త పుట్టింట్లో గొర్రెల మధ్య పెరిగిన మనిషి.

"కొండంతా తిరుగుతాండాడు పాపం ఆ పిల్లోడు. వాగు కాడ చూడరాదా అంటి. చెయ్యెత్తకుండా మాట్లాడినానని నిలబెట్టినాడు."

"నిన్నా?"

"నియమం గదా" అంది అత్త, నాకు బుద్ధి చెబుతున్నట్టు. "శానా సేపు నిలబడినా."

"మరి గొర్రె?"

"దొరికేలోపల గంట కొట్టిరి. మిగతాది రేపంట."

"పేరు సంగతి?"

అత్త నన్ను జాలిగా చూసింది. "పేరు కొట్టిస్తే రేపు నన్ను ఎవురి బదులని కూర్చోనిస్తారే?"

గవదబిళ్ళలు తగ్గేదాకా అత్తే బడికి వెళ్ళింది. చేలో ఆమె సాలు కూడా నేనే తీశాను. సాయంత్రమైతే ఆ గొర్రె కోసం ఇంటిల్లిపాదీ దిగులు పడేవాళ్ళం. ఒకరోజు పడుకున్న ఈశ్వరి పుస్తకం తిరగేసి నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మా, ఈ పాఠం ఒక్క పేజీనే. గొర్రె సగం పేజీలోనే దొరుకుతాది. వాగు కాడనే."

"మీ జేజికి చెప్పొద్దే."

"మరి అయివారు దినామూ ఏం చెప్తాండాడు?"

ఏం చెప్పేవారో నాకు తెలియదు. ఈశ్వరి మొహం వాపు దిగేదాకా ఆ గొర్రె దొరకలేదు. ఈశ్వరి మళ్ళీ బడికి వెళ్ళిన రోజు సాయంత్రం "దొరికింది జేజీ" అని చెబితే, అత్త "వాగు కాడనేనా?" అని అడిగి, అప్పుడు కడుపునిండా సంగటి తిన్నది. ఆ తర్వాత ఆమె నోట బడి బందు అనే మాట రాలేదు.

పలక మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. అయివారు ఈశ్వరితో అక్షరాలు పంపేవారు, నేను వాచిపోయినవి తిప్పి పంపేదాన్ని. మధ్యలో చేలు, కాన్పులు, కరువులు. నా అక్షరాల వాపు దిగి నేను కూడబలుక్కుని చదివేనాటికి ఈశ్వరి పిల్లలు బడికి పోతున్నారు. దాని పాత పుస్తకం వెతికించి, నేను మొదట చదివింది ఆ గొర్రె పాఠమే. నిజంగానే ఒక్క పేజీ. చదివేసి, దాన్ని అన్ని రోజులు సాగదీసిన మనిషిని తలుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

కాబట్టి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరి బదులూ బడిలో కూర్చోను. కూర్చున్నా కొడవలితో కూర్చోను. పద్యంలోని మంచివాళ్ళను ప్రొద్దుటూరు సంతకు పంపను. ఇదంతా చెయ్యెత్తే చెబుతున్నాను. ఎత్తకుండా చెబితే అయివారు ఒప్పుకోరు.