ఆర్డిస్ పదకొండు పేజీల సంజాయిషీ

మా విస్కాన్సిన్ ఊళ్ళో ఆర్డిస్ ముప్ఫై ఏళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. బంతి దొర్లించి చెక్క పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటకి దిగితే మాత్రం మనిషి కాదు, రాక్షసి. ఆమె జట్టుకు ఆమే కెప్టెన్. నేను ఆడే జట్టుకు కెప్టెన్ డెల్మర్, పాలు పితికే యంత్రాల వ్యాపారి. గురువారం మా రెండు జట్ల మధ్యే ఫైనల్.

బుధవారం పన్ను ఫారాలకు ఆఖరి రోజు. లైబ్రరీలో ఊరివాళ్ళకు ఉచితంగా ఫారాలు నింపిపెడుతున్నాను. ఆర్డిస్ వచ్చి పదకొండు పేజీలు నా ముందు పడేసింది.

"ఇదేంటమ్మా?"

"సంజాయిషీ. 'రాత్' అనే పింఛను ఖాతాలో వేసిన డబ్బును మామూలు పింఛను ఖాతాకి మార్పించాగా. ఎందుకో రాసి ఫారానికి జతచేయమన్నారు పన్నువాళ్ళు. రాశాను."

మా ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల విందు నుంచి మొదలుపెట్టింది మహాతల్లి! తొమ్మిదో పేజీలో బయటపడింది అసలు సంగతి. డిసెంబర్లో డెల్మర్‌ని రహస్యంగా పెళ్ళాడింది. అతని సంపాదన కలిసేసరికి రాత్ ఖాతాకున్న ఆదాయ పరిమితి దాటిపోయింది.

మా బౌలింగ్ లీగులో భార్యాభర్తలు ఎదురెదురు జట్లలో ఆడకూడదు. పాపం, ఆట కోసమే దాచారు.

"గడువు పొడిగించమని అడుగుదాం," అని గుసగుసలాడాను. ఫైనల్ అయ్యేదాకా పెళ్ళి సంగతి బయటపడకూడదని నా స్వార్థం.

"నేనా? లేటా? నోరు ముయ్యవయ్యా."

సరే, మూడు వాక్యాలకు కుదించాను: ఎంత, ఎప్పుడు, ఎందుకు.

"మరి చేపల విందో?"

"ప్రభుత్వానికి అక్కర్లేదు."

"డెల్మర్ డాన్సు?"

"అది ఎవరికీ అక్కర్లేదు."

ఇద్దరి పేరు మీదా వేసే ఫారం కదా, ఇద్దరూ సంతకం పెట్టాలి. డెల్మర్ పెళ్ళికొడుకులా టై కట్టుకుని వచ్చాడు. ప్రింటరు దగ్గర కాగితం అందుకున్నది లైబ్రేరియన్ ఫిలిస్. మా లీగు కార్యదర్శి కూడా ఆవిడే.

"మొగుడూ పెళ్ళాలా?" అని అరిచింది. లైబ్రరీలో అరిచిన మొదటి మనిషి ఆవిడే. "ఎవరు తప్పుకుంటారు?"

ఆర్డిస్ మొహం పాలిపోయింది. ఈ కప్పు కోసం ఆవిడ పన్నెండేళ్ళుగా ఎదురుచూస్తోంది.

"నేనే," అన్నాడు డెల్మర్.

గురువారం మేం చిత్తుగా ఓడిపోయాం. డెల్మర్ ఆర్డిస్ కోటు ఒళ్ళో పెట్టుకుని, ఆమె బంతి వేసినప్పుడల్లా చప్పట్లు కొట్టాడు. నాకు కడుపు మండిపోయింది, ముచ్చటా వేసింది. వచ్చే ఏడాది మాత్రం వాళ్ళ ఫారం నేను నింపను.